వేసవి జౌస్టింగ్ ప్రదర్శనల ఏర్పాట్ల గురించి మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ జౌస్టింగ్ బృందం ఈ వేసవి ప్రదర్శనల ఏర్పాట్లన్నీ నీ చేతికి అప్పగించిందని తెలిసి ఎంతో సంతోషించాను. పదిహేనో శతాబ్దపు కవచాలు తొడుక్కొని, నడుమ కంచెకు అటూ ఇటూ గుర్రాలను ఎదురెదురుగా పరిగెత్తించి, ఈటెతో ఎదుటివాడి డాలును తాకే ఆ పోటీని నేను ఇంగ్లాండులో స్థిరపడిన నాటి నుంచి, మొదట గుర్రాలు చూసుకొనేవాడిగా, ఆ తర్వాత మైదానం పర్యవేక్షించేవాడిగా దగ్గరుండి చూస్తున్నాను. అందువల్ల నువ్వు అడిగినవాటితో పాటు అడగనివి కూడా కొన్ని రాస్తున్నాను.

నువ్వు పంపిన పనుల పట్టికలో కొత్త ఈటెలు మొదట ఉన్నాయి, గుర్రాలు చివర ఉన్నాయి. దయచేసి దాన్ని తలకిందులు చేయి. ఈటెలు వారం రోజుల్లో తయారవుతాయి. చలికాలమంతా పచ్చికలో తిరిగిన గుర్రం మాత్రం మూడు నెలలు పట్టుదలగా పని చేయిస్తే తప్ప పోటీకి తగిన స్థితికి రాదు. ఈస్టర్‌కు మొదలయ్యే సందడి ఆగస్టు చివరి సోమవారం సెలవు దాకా సాగుతుంది కనుక, మీ మొదటి ప్రదర్శన తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి, కనీసం పన్నెండు వారాల ముందే గుర్రాలను పనిలో పెట్టాలి. మొదటి నాలుగైదు వారాలు నడక మాత్రమే చేయించాలి. తర్వాత ఏటవాలు నేల మీద ట్రాట్ (దుడుకు నడక), ఆ పైన కొద్దికొద్దిగా కాంటర్ (నెమ్మది దౌడు) చేయించవచ్చు. గుర్రానికి ఊపిరి పట్టు త్వరగానే వస్తుంది కాని, కాళ్ళ స్నాయువులు, కీళ్ళు గట్టిపడడానికి చాలా కాలం పడుతుంది. పైకి హుషారుగా కనిపించే గుర్రాన్ని చూసి తొందరపడేవారు ఇక్కడే నష్టపోతారు. ఏప్రిల్, మే నెలల్లో కొత్త గడ్డిలో చక్కెర ఎక్కువగా ఉంటుంది. అది మితిమీరి తిన్న గుర్రానికి గిట్టల లోపల వాపు వచ్చిందంటే ఆ వేసవి దానికి ముగిసినట్టే కాబట్టి, మేత విషయంలో శాల యజమానితో ముందే గట్టిగా మాట్లాడు.

బరువు సంగతి మొహమాటం లేకుండా తేల్చుకోవలసిన విషయం. గుర్రం తన బరువులో ఐదో వంతుకు మించి మోయకూడదన్నది మేము పాటించే హద్దు. 600 కిలోల గుర్రానికి అది 120 కిలోలు అవుతుంది. 78 కిలోల రౌతు 30 కిలోల కవచం తొడుక్కొని 15 కిలోల జీను, పైవస్త్రం వేసిన గుర్రమెక్కితే మొత్తం 123 కిలోలు. అంటే ఈటె, డాలు చేతికి రాకముందే హద్దు దాటిపోయింది. పోటీకోసమే చేసిన బరువైన కవచాలైతే 40 కిలోలు కూడా దాటుతాయి. కాబట్టి ప్రతి రౌతునూ పూర్తి కవచంతో తూకం యంత్రం మీద నిలబెట్టి, ఆ అంకెను బట్టి ఎవరికి ఏ గుర్రమో నిర్ణయించు. దీనికి ఎవరైనా నొచ్చుకొంటే నొచ్చుకోనీ, గుర్రానికి నోరు లేదు.

జీను సరిగా కూర్చొందో లేదో కళ్ళతో చూసి చెప్పలేము. అరగంట కాంటర్ చేయించి, జీను విప్పి, వీపు మీద చెమటను అరచేతితో తడిమి చూడు. చుట్టూ తడిగా ఉండి, భుజం వెనుక అరచేతి మేర పొడిగా తగిలితే, అక్కడ జీను గట్టిగా నొక్కుతోందని అర్థం. మామూలు స్వారీలో ఆ ఒత్తిడి బయటపడకపోయినా, కవచపు బరువు తోడైనప్పుడు అదే చోట పుండు పడుతుంది.

గుర్రానికి భయం పోగొట్టడం ఓర్పుతో చేయవలసిన పని. రెపరెపలాడే పైవస్త్రం, ఇనుప రేకుల చప్పుడు, డప్పులు, జెండాలు, చంటిపిల్లల కేకలు, వీటిని ఒక్కొక్కటిగానే పరిచయం చేయాలి. ఒకటి పూర్తిగా అలవాటైన తర్వాతే ఇంకొకటి మొదలుపెట్టాలి. నడుమ కంచె పక్కన ముందు ఒక్క గుర్రాన్నే నడిపించు. తర్వాత అవతలి వైపు నుంచి రెండో గుర్రాన్ని నడకలోనే ఎదురుగా రప్పించు. ఆ దాటడం రెండింటికీ విసుగు పుట్టేంత మామూలైనప్పుడు కాంటర్‌కు వెళ్ళవచ్చు. ఎదురు గుర్రాన్ని చూసి కంచెకు దూరంగా జరిగే గుర్రాన్ని కళ్ళెంతో లాగి సరిదిద్దడం కంటే, వెనక్కి వెళ్ళి మళ్ళీ నడక నుంచి మొదలుపెట్టడమే మేలు.

మన దేశంలో టెంట్ పెగ్గింగ్ నేర్చుకొని వచ్చినవాడివి కాబట్టి నీకు ప్రత్యేకంగా ఒక మాట. నేలలో పాతిన మేకును ఎత్తడానికి కుడివైపు వంగి, ఈటె మొనను కిందికి దించడం నీ ఒంటికి అలవాటైపోయింది. జౌస్టింగ్‌లో ఆ వంగడం పనికిరాదు. ఈటెను కుడి చంక కింద బిగించి, గుర్రం మెడ మీదుగా ఎడమవైపుకు తిప్పి, నడుము నిటారుగా ఉంచి కూర్చోవాలి. ఈటెను దించడం కూడా ఆలస్యంగానే మొదలుపెట్టాలి, ఎందుకంటే ముందే దించినవాడి చేయి అలసి, తగిలే క్షణానికి మొన ఊగిపోతుంది. కొయ్య బొమ్మను, వేలాడే ఉంగరాలను గురిపెట్టి సాధన చేయకుండా ఎవరినీ ఎదురు పోటీకి పంపకు. 1433 నుంచి 1438 దాకా పోర్చుగల్‌ను పాలించిన దువార్తె రాజు స్వారీ గురించి తాను రాసిన గ్రంథంలో, తగిలే క్షణంలో కొందరు కళ్ళు మూసుకొంటారని, మూసుకొన్న సంగతి కూడా వారికి తెలియదని చెప్పాడు. ఆ అలవాటు ఈనాటికీ పోలేదు. కాబట్టి శిరస్త్రాణం లేకుండా, నడక వేగంలో బొమ్మను తాకిస్తూ, పక్కనుంచి ఒకరు రౌతు కళ్ళనే గమనించేటట్టు చూడు.

కవచాల విషయంలో తుప్పు కంటే తోలు పట్టీలను ఎక్కువగా అనుమానించాలి. తుప్పు కంటికి కనిపిస్తుంది, రుద్దితే పోతుంది. చలికాలంలో ఎండిపోయిన తోలు మాత్రం బక్కిల్ రంధ్రం దగ్గర సన్నగా చీలి, పోటీ మధ్యలో తెగుతుంది. ప్రతి పట్టీనీ వేలి చుట్టూ వెనక్కి వంచి చూసి, చీలిక కనిపించినదాన్ని ఆ రోజే మార్పించు. శిరస్త్రాణపు కంటి చీలికను, ముఖకవచం గడియను నువ్వే స్వయంగా పరీక్షించు. 1559 జూన్ 30న పారిస్‌లో ఫ్రాన్స్ రాజు రెండవ హెన్రీ ముఖకవచంలోకి విరిగిన ఈటె ముక్కలు దూసుకుపోయి, పది రోజులకు ఆయన మరణించాడు. అది పాతకాలపు గట్టి కర్ర అని తేలిగ్గా తీసుకోకు. మనం మొనలకు వాడే తేలికపాటి బాల్సా కర్ర పేడే 2007లో ఇంగ్లాండులో ఒక టెలివిజన్ చిత్రీకరణ సమయంలో కంటి చీలికలో దూరి, ఒక ప్రదర్శకుడి ప్రాణం తీసింది. బాల్సా విరుగుతుంది కాబట్టి ప్రమాదం లేదని కొత్తవారికి ఎవరైనా చెబుతుంటే అక్కడికక్కడే ఆపించు. గురి డాలు మీదనే ఉండాలి. మొన పైకి లేస్తున్న రౌతు ఆ పరుగులోనే ఈటెను పక్కకు తిప్పేయాలి. రెండోసారి కూడా అలాగే జరిగితే ఆ రోజుకు అతన్ని దింపేయి.

నేను అన్నింటికంటే గట్టిగా చెప్పదలచింది నేల మీద నిలబడేవారి గురించి. 1524 మార్చి 10న ఇంగ్లాండు రాజు ఎనిమిదవ హెన్రీ ముఖకవచం దించుకోవడం మరచి పరుగు మొదలుపెట్టాడు. చూస్తున్నవారు ఆగమని కేకలు వేసినా, ఎదురుగా వస్తున్న సఫోక్ డ్యూక్‌కు శిరస్త్రాణం లోపలి నుంచి ఏమీ కనిపించలేదు, వినిపించలేదు. ఈటె రాజు శిరస్త్రాణానికి తగిలి ముక్కలైంది, ఆయన అదృష్టవశాత్తు బతికాడు. కేక వల్ల పని జరగదని ఆనాడే తేలిపోయింది. అందుకే కంచె రెండు చివరలా ఎర్రజెండాతో ఒక్కొక్కరు ఉండాలి. ముఖకవచం గడియపడిందని, గుర్రం పొట్ట పట్టీని రౌతు ఎక్కిన తర్వాత మరోసారి బిగించామని ఇద్దరూ చేయెత్తి చూపిన తర్వాతనే పరుగు మొదలవ్వాలి. ఆ ఇద్దరిలో ఎవరు వద్దన్నా పోటీ ఆగిపోవాలి, జనం ఎంత ఈలలు వేసినా సరే. బృందంలో పేరున్న రౌతు కూడా, చేరి నెలయినా కాని సహాయకురాలి మాటకు లోబడాలని సీజన్ మొదట్లోనే అందరి ముందూ చెప్పు. గొడవ జరిగిన తర్వాత చెప్పిన నియమం ఒకరిని ఉద్దేశించి పెట్టినట్టు వినిపిస్తుంది.

ఇంగ్లాండులో ఎండ గురించి మనవాళ్ళు తేలిగ్గా మాట్లాడతారు. 2022 జూలైలో ఇక్కడ 40.3 డిగ్రీలు నమోదైంది. దళసరి దూది అంగీ మీద ఇనుము తొడిగినవాడికి పాతిక డిగ్రీలే రోహిణి కార్తెలా ఉంటాయి. పరుగుకూ పరుగుకూ మధ్య శిరస్త్రాణం తీయించి, ఉప్పు కలిపిన నీళ్ళు తాగించు. నేను మా వాళ్ళకు ఉప్పు మజ్జిగ ఇచ్చేవాడిని, మొదట వింతగా చూసినవారే తర్వాత అడిగి పుచ్చుకొన్నారు. మాట తడబడినా, చెమట ఆగిపోయినా కవచం విప్పించి, నీడలో పడుకోబెట్టి, వైద్య సహాయకులను పిలవాలి.

వాన మాటకొస్తే, 1839 ఆగస్టులో స్కాట్లాండులోని ఎగ్లింటన్‌లో ఒక ప్రభువు అపారంగా ఖర్చుపెట్టి ఏర్పాటు చేసిన టోర్నమెంట్ మొదటి రోజే కుండపోతకు బురదపాలైంది. మీకూ అలాంటి రోజు రావచ్చు. తడిసిన పచ్చిక మీద గుర్రం కాలు జారితే దానికీ రౌతుకూ కలిపి ప్రమాదమే. అందువల్ల నేల మీద మడమతో నొక్కి చూసి పరుగు రద్దు చేసే అధికారం ఎవరిదో నిర్వాహకులతో చేసుకొనే ఒప్పందంలోనే రాయించు. పరుగు లేకపోయినా కవచం తొడిగే విధానం వివరించడం, నేల మీద కత్తి పోరు చూపించడం లాంటివి సిద్ధంగా ఉంచుకొంటే, టికెట్టు కొన్నవారు నిరాశపడరు. బీమా, గుర్రాల పాస్‌పోర్టులు, ఫ్లూ, ధనుర్వాతం టీకాల కాగితాలు ఒకే సంచిలో పెట్టి, దాన్ని వాహనం నడిపేవారికి ఇవ్వు.

మొదటి ప్రదర్శనకు రెండు వారాల ముందు పూర్తి కవచాలతో, డప్పులతో, ఊరివాళ్ళను కొందరిని పిలిచి ఒక సాధన ప్రదర్శన పెట్టు. రెండు వారాలంటే, ఏదైనా పట్టీ తెగినా, ఏదైనా గుర్రం బెదిరినా సరిచేసుకోవడానికి వ్యవధి ఉంటుంది. తేదీ ఖాయం కాగానే నాకు తెలియజేయి, ఒక చివర ఎర్రజెండా నేను పట్టుకొంటాను.

ఇట్లు,
నీ మామయ్య