పాత ఆటను మళ్లీ కడుతున్న అబ్బాయిని ఆపాలా?

ప్రశ్న: మా అబ్బాయి వరంగల్‌లో బీటెక్ కంప్యూటర్ సైన్స్ రెండో ఏడాది చదువుతున్నాడు. స్నేహితులతో కలిసి 'రోడ్ రాష్' అనే పాత బైకుల ఆటను గోడో ఇంజిన్ అనే ఆటల తయారీ సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ తయారు చేస్తున్నానంటూ రాత్రి రెండింటి దాకా మేలుకుంటున్నాడు. మొదటి ఏడాది గణితం తప్పాడు. కంప్యూటర్ తీసేయమంటారా? దీనితో ఉద్యోగం వస్తుందా?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: కంప్యూటర్ తీసేయకండి. మీ అబ్బాయి ఆట ఆడుతూ కూర్చోవడం లేదు, ఆటను కడుతున్నాడు. ఆ రెండూ ఒకటి కావు.

ఒకసారి పక్కన కూర్చుని చూడండి. ఆ ఆటలో బైకు నడుపుతూనే పక్కవాణ్ని గొలుసుతో కొట్టాలి. గొలుసు కొస సెకనుకు 15 మీటర్ల వేగంతో తిరుగుతుందనుకుందాం. తెరపై బొమ్మ సెకనుకు 60 సార్లు మారితే, ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య ఆ కొస 25 సెంటీమీటర్లు జరుగుతుంది. పక్కవాడి చెయ్యి మందం పది సెంటీమీటర్లకు మించదు. ఒక బొమ్మలో గొలుసు చేతికి ఇవతల ఉంటుంది, మరుసటి బొమ్మలో అవతల ఉంటుంది. దెబ్బ తగిలిన సంగతే కంప్యూటర్‌కు తెలియదు! ఆ రెండు స్థానాల మధ్య గీత గీసి, అది చేతిని దాటిందా లేదా అని లెక్కగట్టాలి. అక్కడ కావలసింది సదిశలు (వెక్టర్లు), అంటే పరిమాణంతో పాటు దిశ కూడా ఉన్న రాశులు. మలుపులో బైకు ఒరగాలంటే మాత్రికలు (మ్యాట్రిక్స్‌లు) కావాలి. అతను తప్పిన గణితంలోనూ మాత్రికలు ఉండే ఉంటాయి. ఈ సంబంధం అతనికి చూపించండి. 'ఆట మానేసి చదువు' అనే మాటకన్నా ఇదే బాగా పనిచేస్తుంది.

ఇలాంటి పనిని ప్రపంచమంతటా అభిమానులు శ్రద్ధగా చేస్తున్నారు. 1996లో వచ్చిన 'డాగర్‌ఫాల్' అనే ఆటను యూనిటీ అనే మరో ఇంజిన్‌లో మళ్లీ నిలబెట్టారు. ఆ కోడ్ ఎవరైనా తెరిచి చదవవచ్చు. పూర్తిస్థాయి 1.0 రూపం 2023 చివరికి గానీ రాలేదు. ఎంత ఓపిక కావాలో దీన్నిబట్టి మీకే అర్థమవుతుంది.

ఒక విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరించాలి. 1991 నాటి 'మెట్రాయిడ్ 2' ఆటను ఒక అభిమాని ఏళ్ల తరబడి తిరిగి కట్టి 2016 ఆగస్టులో విడుదల చేస్తే, హక్కులున్న నింటెండో వెంటనే పంపిణీని ఆపించింది. అయితే అదే అభిమానికి తర్వాత ఒక ఆటల సంస్థలో లెవెల్ డిజైనర్‌గా (ఆటలోని దశలను రూపొందించేవాడిగా) ఉద్యోగం వచ్చింది. 'రోడ్ రాష్' ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థది. బైకు పందెంలో తన్నులాట అనే ఊహ ఎవరి సొత్తూ కాదు. పేరు, బొమ్మలు, సంగీతం, కోడ్ మాత్రం హక్కుదారులవే. కాబట్టి పేరు మార్చి, బొమ్మలూ పాటలూ సొంతంగా తయారు చేసుకోమనండి. కాజీపేట నుంచి వరంగల్ వెళ్లే రోడ్డునే పందెం దారిగా పెడితే ఇంకా బాగుంటుంది.

ఇక ఉద్యోగం. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లో, యుబిసాఫ్ట్‌కు పుణెలో, రాక్‌స్టార్‌కు బెంగళూరులో కార్యాలయాలున్నాయి. కొత్తవాళ్లకు అక్కడ చోటు దొరకడం కష్టమే, ఆ మాట దాచను. క్యాంపస్‌కు వచ్చే చాలా కంపెనీలు బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఉన్నవాళ్లను రాత పరీక్షకే రానివ్వవు. అందుకే సప్లిమెంటరీ అయ్యేదాకా ఆట పని శని, ఆదివారాలకే పరిమితం చేయాలి. రాత్రి పన్నెండుకు పడుకోవాలి. ఈ రెండు షరతులూ మీరు పెట్టండి.

పరీక్ష అయ్యాక మొత్తం ఆట జోలికి పోకుండా మూడు నిమిషాలు ఆడగలిగే ఒక్క రోడ్డు పూర్తి చేయమనండి. నలుగురి పనిలో తాను రాసిన భాగం ఏదో విడిగా కనిపించాలి. 'గొలుసు దెబ్బ లెక్క నేను రాశాను, మొదట ఇలా తప్పింది, ఇలా సరిచేశాను' అని చెప్పగలిగితే, ఆటలతో సంబంధం లేని సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలోనూ అతని మాట వింటారు. మన ఎన్ఐటీలో జరిగే టెక్నోజియాన్ అనే సాంకేతిక ఉత్సవానికి ఆ రోడ్డుతో వెళ్లమనండి. కొత్తవాళ్లు ఆడుతుంటే ఎక్కడ తడబడుతున్నారో పక్కన నిలబడి రాసుకోమనండి.