గిటార్‌ను విప్పి చూసే అబ్బాయికి ఏ బ్రాంచి?

ప్రశ్న: మాది దేవరకొండ. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. నిరుడు కొనిచ్చిన ఎలక్ట్రో అకౌస్టిక్ (స్పీకర్‌కు కూడా కలపగల) గిటార్‌ను వాయించేది తక్కువ, విప్పేది ఎక్కువ. స్పీకర్‌లో ఒక తీగ సరిగా వినపడడం లేదని బ్రిడ్జి మీది ముక్కను ఊడదీసి, దాని అడుగును గరుకు కాగితంతో రుద్దాడు. గిటార్లు డిజైన్ చేస్తానంటున్నాడు. దానికి తగిన చదువు ఉందా, దానితో బతుకుదెరువు ఉంటుందా?

జవాబు: మీరు ఫిర్యాదుగా రాసిన ఆ రుద్దుడు పని నుంచే మొదలుపెడతాను. తీగలు ఆనుకొని ఉండే ఆ సన్నని ముక్కను శాడిల్ అంటారు. దాని కింద గాడిలో ఉండే పీజో పట్టీ, తీగ కంపించినప్పుడు తన మీద పడే ఒత్తిడిని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. శాడిల్ అడుగు వెంట్రుకవాసి ఎగుడుదిగుడుగా ఉన్నా, అక్కడి తీగ ఒత్తిడి పట్టీకి సరిగా అందక, స్పీకర్‌కు కలపకుండా మీటితే చక్కగా పలికే తీగ స్పీకర్‌లో మాత్రం నీరసంగా వినిపిస్తుంది. కాబట్టి అబ్బాయి లోపాన్ని వెతకవలసిన చోటే వెతికాడు. అయితే కాగితాన్ని చేతిలో పట్టుకొని రుద్దితే అంచులు గుండ్రంగా అరిగిపోతాయి; దాన్ని గాజు పలక మీద పరిచి, శాడిల్‌ను నిటారుగా పట్టి రుద్దమనండి.

ఈ గిటార్లను మెరుగుపరచినవారు ఏ చదువుల నుంచి వచ్చారో గమనిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. 1966లో గుండ్రని వీపు గల ఒవేషన్ గిటార్లను తెచ్చిన చార్లెస్ కామన్ హెలికాప్టర్లు తయారుచేసిన ఇంజినీరు. అక్కడ అణచవలసిన కంపనాల గురించి నేర్చినదే ఇక్కడ పలికించడానికి పనికొచ్చింది. శాడిల్ కింద పీజోను అమర్చి అమ్మి, ఆ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చిన తొలి సంస్థల్లో ఒవేషన్ ఒకటి. తీగను గట్టిగా మీటినప్పుడు ఆ పీజో స్వరం పొడిగా, గోరుతో ప్లాస్టిక్‌ను గీసినట్లుగా వస్తుందన్న విమర్శ చాలాకాలం ఉండేది. 2014లో టేలర్ సంస్థ సెన్సర్లను శాడిల్ కింద కాకుండా దాని వెనుక వైపున అమర్చింది. మరికొందరు లోపల చిన్న మైకును కూడా అమర్చి, స్పీకర్ మోత మళ్లీ ఆ మైకులో పడి కూత పెట్టకుండా దాని మంద్ర ధ్వనులను తగ్గించి పీజోతో కలిపారు. యమహా ట్రాన్స్‌అకౌస్టిక్ గిటార్లలోనైతే లోపలి పరికరం చెక్కనే కదిలించి, యాంప్లిఫయర్ అవసరం లేకుండానే ప్రతిధ్వనిని పుట్టిస్తుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను: మీ అబ్బాయి ఎప్‌సెట్ రాసి బీటెక్‌లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్) తీసుకోవడం మేలు. పీజో సంకేతాన్ని మామూలు లైన్ ఇన్‌పుట్‌కు నేరుగా కలిపితే మంద్ర స్వరాలు మాయమవుతాయి. కనీసం పది లక్షల ఓముల ఇన్‌పుట్ నిరోధం (ఇంపెడెన్స్) గల ప్రీయాంప్, అంటే బలహీన సంకేతాన్ని ముందుగా సర్దే చిన్న సర్క్యూట్, మధ్యలో ఉండాలి. ఆ ఇంపెడెన్స్ లెక్క, ఫిల్టర్లు, డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ అన్నీ ఈసీఈ పాఠాలే. రూపకల్పన మీదే మనసుంటే ఐఐటీ హైదరాబాద్ వంటి చోట్ల బీడెస్ (డిజైన్ డిగ్రీ) ఉంది. దానికి ఐఐటీ బాంబే జనవరిలో నిర్వహించే యూసీడ్ ప్రవేశ పరీక్ష రాయాలి. బీటెక్ తరువాత సీడ్ అనే పరీక్ష రాసి ఎండెస్‌లో (డిజైన్ పీజీలో) చేరే దారి ఎలాగూ ఉంటుంది కనుక, ఇప్పుడే దానికోసం ఒక ఏడాది పోగొట్టుకోవద్దు.

బతుకుదెరువు విషయంలో ఆశలు పెంచను. గిటార్ డిజైనర్ కావలెనన్న ప్రకటన పత్రికలో కనిపించడం అరుదు. చెన్నై దగ్గర యమహా కర్మాగారం ఉన్నా, కర్మాగారంలో ఉత్పత్తి పనికి మనుషులు కావలసినంతగా రూపకల్పనకు అక్కరలేదు. ఆడియో ఎలక్ట్రానిక్స్‌ను ప్రధాన వృత్తిగా పెట్టుకొని, గిటార్ మరమ్మతును పక్కన నేర్చుకోవడం నాకు ఆచరణీయంగా తోస్తోంది. మన నల్లగొండ ఎండలకు చెక్క తేమ కోల్పోయి, ఫ్రెట్ల (మెడ మీది లోహపు పట్టీల) కొనలు వేళ్లకు గుచ్చుకోవడం, పైపలక చీలడం మామూలే. గిటార్ ఉన్న గదిలో 45 నుంచి 55 శాతం తేమ ఉండాలన్న సంగతి కొన్నవారిలో చాలామందికి ఎవరూ చెప్పరు.

ఈ సెలవుల్లో చేయడానికి ఒక పని సూచిస్తాను. మన పక్కనే ఉన్న నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య గారు 2022లో పద్మశ్రీ అందుకున్నది పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగ వాద్యాన్ని వాయించే. అలాంటి కిన్నెర వాయించే వారి అనుమతితో, కొద్ది రూపాయలకే దొరికే పీజో బిళ్లను మొదట సొరకాయ బుర్ర మీద, తరువాత తీగలు ఆనే చోట తాత్కాలికంగా అంటించి, ప్రీయాంప్ ద్వారా స్పీకర్‌కు కలిపి, రెండు చోట్లా ఒకే పాటను ఫోనులో రికార్డు చేయమనండి. ఏ చోట మంద్రం బాగా వచ్చిందో, ఏ చోట కూత పెట్టిందో తేదీలతో సహా ఒక నోటుపుస్తకంలో రాయాలి. దాని మొదటి పేజీలో శాడిల్ రుద్దకముందు, రుద్దిన తరువాత ఆ తీగ ఎలా పలికిందో కూడా రాయమనండి.