పక్షుల ఫొటోలకు మొదటి కెమెరా ఏది, తోటివాళ్లకు ఎలా పంపాలి?

నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులను (పెలికాన్లను) ఫొటో తీయడానికి ఏ కెమెరా కొనాలి, ఆ ఫొటోలను నాణ్యత తగ్గకుండా మిత్రులకు ఎలా పంపాలి అని అడిగారు.

మెగాపిక్సెళ్ల గురించి టెన్షన్ వద్దు. 24 మెగాపిక్సెళ్లంటే సుమారు 6000×4000 చుక్కలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున 20 అంగుళాల వెడల్పు ప్రింటు వస్తుంది. ఇంకేం కావాలి? డబ్బు లెన్సు మీద పెట్టండి. దగ్గరికి వెళ్తే పక్షులు బెదిరి గూళ్లు వదిలేస్తాయి, దూరం నుంచే తీయాలి. ఏపీఎస్-సీ అనే చిన్న సైజు సెన్సరు (కాంతిని ఫొటోగా మార్చే భాగం) ఉన్న నికాన్ బాడీకి 300 ఎంఎం లెన్సు తగిలిస్తే, ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సరున్న కెమెరా మీద 450 ఎంఎం లెన్సు చూపించినంత దగ్గరగా కనిపిస్తుంది. కొత్తవాళ్లకు ఈ సెన్సరే మేలని నా అభిప్రాయం. ఎగిరే పక్షికి షట్టర్ వేగం (సెన్సరు మీద కాంతి పడే సమయం) 1/1600 సెకను దగ్గర మొదలుపెట్టండి.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోయి ఈకల గీతలు అలికినట్టవుతాయి. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలే వెళ్తుంది. అయితే ఫోనుతో తీసిన ఫొటోలో లొకేషన్ కూడా దాగి ఉండొచ్చు. గూళ్ల ఫొటోలైతే దయచేసి దాన్ని తీసేసి పంపండి.