ఒడియావాళ్ళకి తెలుగు నేర్పేటప్పుడు ఖాళీ ఎక్కడ వదలాలి?

మీ ప్రశ్న నాకు బాగా అలవాటైన తలనొప్పే. రాయగడలో ఒడియా మాట్లాడే ఉద్యోగులకి మీరు తెలుగు చెబుతున్నారు. 'ఖాళీలు పూరించండి' అని కాగితం ఇస్తే సగం ప్రశ్నలు వాళ్ళు ఆలోచించకుండానే నింపేస్తున్నారు, మిగతా సగానికి ఎవరు ఏం రాసినా మీరు తప్పు అనలేకపోతున్నారు. అంతేగా? నేను పర్లాకిమిడిలో సాయంత్రం పూట ఇదే పని చేస్తాను. నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా నర్సులు, మెడికల్ రెప్‌లు, తెలుగిళ్ళకి కోడళ్ళుగా వచ్చిన ఒడియా అమ్మాయిలు.

చాలామంది ముందు వాక్యం రాసుకుని, ఇందులో ఏ పదం తీసేద్దామా అని చూస్తారు. నేను తిరగేసి చేస్తాను. ఏ తప్పు బయటపడాలో ముందు అనుకుని, దాని కోసం వాక్యం కడతాను. తప్పులు ఎక్కువగా ఎక్కడ వస్తాయంటే తెలుగూ ఒడియా విడిపోయే చోట. 'అని' అనే మాట వాళ్ళకి కష్టం కాదు, ఒడియాలో 'బోలి' దాదాపు అదే పని చేస్తుంది. దాని మీద పది ఖాళీలు పెడితే కాగితం దండగ. క్రియ దగ్గర మాత్రం తడబడతారు, ఎందుకంటే ఒడియా క్రియలో ఆడ, మగ తేడా ఉండదు. "మా అక్క నిన్న బరంపురం నుంచి ____" అని ఇస్తే 'వచ్చాడు' అని రాసేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఇది మంచి ఖాళీ. జవాబు తేల్చే 'అక్క' వాక్యంలోనే కూర్చుని ఉంది. అదే "డాక్టరు నిన్న ____" అని ఇచ్చారనుకోండి, వచ్చాడు, వచ్చింది, వచ్చారు మూడూ ఒప్పే. 'డాక్టరుగారు' అని రాస్తే గొడవ తీరిపోతుంది.

అక్క వచ్చింది, బస్సు వచ్చింది అని ఇద్దరికీ ఒకే రూపం వాడతామంటే క్లాసులో నవ్వులే నవ్వులు. బహువచనంలో మళ్ళీ విడిపోతాయి: అక్కలు వచ్చారు, బస్సులు వచ్చాయి. ఈ నాలుగూ ఒకే కాగితంలో ఉండాలి కానీ పక్కపక్కన ఉండకూడదు. పక్కపక్కన పెడితే పైది చూసి కిందది రాసేస్తారు.

మనం, మేము అనేవాటికి ఒక్క వాక్యం చాలదు. ఒడియాలో రెండిటికీ మామూలుగా 'ఆమే' అనే అంటారు. "రేపు ____ పలాస వెళ్తున్నాం" అంటే ఏది రాసినా తప్పు పట్టలేం. ముందు ఇంకో వాక్యం తగిలించండి. "నువ్వు కూడా బట్టలు సర్దుకో. రేపు ____ పలాస వెళ్తున్నాం." ఇప్పుడు 'మనం' తప్ప ఇంకోటి కుదరదు. "నువ్వు ఇంటి దగ్గరే ఉండు. ____ సాయంత్రానికి వచ్చేస్తాం." ఇక్కడ 'మేము'. ఈ జత వేశాక బట్టీ పట్టి నింపడం కుదరదు, మొదటి వాక్యం అర్థమైతేనే రెండోది నిండుతుంది.

విభక్తుల దగ్గర ఇంగ్లీషు వర్క్‌బుక్కుల పద్ధతి మనకి పనికిరాదు. అక్కడ ఇన్, ఆన్, టు విడిగా నిలబడే మాటలు, ఒకటి తీసేసినా పక్కమాట చెక్కుచెదరదు. తెలుగులో "ఇల్లు____ ఉన్నాను" అని ఇచ్చామంటే తప్పు రాయమని మనమే చెప్పినట్టు. "ఇంట్____" అని ఇస్తే సగం జవాబు మనమే చెప్పేసినట్టు. అందుకే మాట మొత్తం ఖాళీ వదిలి, మూలరూపం బ్రాకెట్లో ఇస్తాను: "అమ్మ ____ (ఇల్లు) ఉంది", "అన్నం ____ (చెయ్యి) తిన్నాడు". ఇంట్లో, చేత్తో అని రాయగలిగారంటే లోపలి మార్పు తెలిసినట్టే. 'చెయ్యితో' అని రాస్తే సగం మార్కు ఇస్తాను, 'తో' పట్టుకున్నందుకు. కొందరు అలా సగాలు ఇవ్వకూడదంటారు, నేను ఇస్తాను.

పైన మాటలు ఇచ్చి కింద నింపమనే పద్ధతిలో ఖాళీల కంటే రెండు మూడు మాటలు ఎక్కువ ఇవ్వండి. లేకపోతే చివరిది చదవకుండానే నిండిపోతుంది. ఖాళీ గీతలన్నీ ఒకే పొడవు పెట్టండి.

ప్రతి ఐదో మాటా తీసేయమని ఎవరో సలహా ఇచ్చారన్నారు. ఆ పద్ధతిని 1953లో విల్సన్ టేలర్ అనే అమెరికన్ ప్రచారంలోకి తెచ్చాడు. ఒక రాత చదవడానికి ఎంత తేలికో కొలవడం కోసం చేసిన పని అది, నేర్పడానికి కాదు. పైగా తెలుగులో ఒక్క మాటలో ఎన్నో ఇరికి ఉంటాయి. 'వెళ్ళలేకపోయాను' తీసేస్తే పని, చేతకాకపోవడం, కాలం, ఎవరు అన్నవన్నీ ఒక్క దెబ్బకి పోతాయి. కొత్తవాళ్ళకి అది పరీక్ష కాదు, శిక్ష. కాస్త ముదిరిన బ్యాచ్‌కి సి-టెస్ట్ బాగుంటుంది. 1980ల మొదట్లో జర్మనీలో రాట్జ్, క్లైన్-బ్రేలీ తెచ్చిన పద్ధతి. మొదటి వాక్యం ముట్టుకోకుండా వదిలేసి, ఆ తర్వాత ఒక మాట విడిచి ఒక మాటలో రెండో సగం తీసేస్తారు. మన ప్రత్యయాలన్నీ మాట చివరే ఉంటాయి కాబట్టి తెలుగుకి ఇది అతికినట్టు సరిపోతుంది. 'వస్తు____' అని చూడగానే వస్తున్నానా, వస్తున్నారా, వస్తుందా అని వాక్యం మొదటికి వెళ్ళి వెతుక్కోవాల్సిందే.

వాక్యాలు ఎదురింట్లో వినపడేవిగా ఉండాలి. గిడుగు రామమూర్తిగారు బడిపంతులుగా పనిచేసిన ఊళ్ళో ఉంటూ 'వచ్చుచున్నాను' అని ఖాళీ పెట్టలేను కదా! కానీ అందులోనూ ఒక చిక్కుంది. కాగితం ఇచ్చేముందు మా అమ్మ చేత నింపిస్తాను. ఆవిడ రెండు రకాలుగా నింపగలిగిన ఖాళీని మార్చేస్తాను. "నీ పేరు ____?" అని ఉంటే ఆవిడ తడుముకోకుండా 'ఏటి' అని రాసింది. నా స్టూడెంట్లు బజార్లోనూ, మహేంద్రతనయ నది దాటి పాతపట్నం వెళ్ళినా వినేది అదే. అందుకని జవాబుల పట్టీలో 'ఏమిటి', 'ఏంటి' పక్కన 'ఏటి' కూడా ఒప్పే. ఆఫీసు ఉత్తరం నమూనాలో మాత్రం ఒప్పుకోను, ఎందుకో స్టూడెంట్లకి అక్కడే చెబుతాను.

ఫోన్లో ఫారం పెట్టి చేయిస్తుంటే ఇంకో సంగతి. యంత్రం అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. వెళ్లాను, వెళ్ళాను రెండూ సరైనవే అయినా మీరు ఒకటే ఇస్తే రెండోదానికి సున్నా వేసేస్తుంది. నుంచి, నుండి అంతే. కొత్త ఖాళీ పెట్టినప్పుడల్లా ఇలాంటి జంటలు జవాబుల్లో ముందే ఎక్కించండి. 'వెల్లాను' అని రాసినవాళ్ళ విషయం మీ ఇష్టం. క్రియ ముగింపు అడిగిన ఖాళీ అయితే నేను ఒప్పేసుకుంటాను.