ముందు డబ్బు, తర్వాత బుట్ట

అమ్మాయీ,

ఉత్తరం అందింది. మీ పదిహేను ఇళ్లవాళ్లూ కలిసి దగ్గరలోని చిన్న రైతుల దగ్గరే వారం వారం ఇంటికో బుట్ట కూరగాయలు కొనాలనుకుంటున్నారట, సంతోషం. ఇలాంటి బృందాన్ని పన్నెండేళ్లు నడిపాను కాబట్టి నువ్వు అడగనివి కూడా చెబుతాను, విసుక్కోకు.

అన్నిటికంటే ముందు డబ్బు సంగతి. రైతుకు డబ్బు అవసరమయ్యేది విత్తనం వేసేటప్పుడు, చేతికొచ్చేది పంట అమ్మాక. మధ్యలో ఉన్న ఆ నెలల్లోనే అప్పు పుడుతుంది. అప్పిచ్చినవాడే పంట కూడా కొంటే ధర ఎవరు చెబుతారో వేరే చెప్పాలా? అందుకని సీజన్ మొదట్లోనే సగం సొమ్మైనా కట్టేయండి. ఇది నా సొంత తెలివేం కాదు. జపాన్‌లో 1970ల నుంచే ఇళ్లవాళ్లు కూడబలుక్కుని రైతులతో నేరుగా ఒప్పందాలు చేసుకుంటున్నారు, దాన్ని తేయికేయ్ అంటారు. అమెరికాలో టెంపుల్-విల్టన్ అనే పొలం 1986లో మొదలైంది. అక్కడ ఏడాది ఖర్చెంతో రైతులు సభ్యుల ముందు పెడతారు, ఎవరి శక్తి కొద్దీ వాళ్లు ఇంత ఇస్తామని చెబుతారు. మొత్తం ఖర్చుకు సరిపడే దాకా ఆ మాటలు సాగుతాయి. అంటే వాళ్లు కొంటున్నది బుట్ట కాదు, ఆ ఏడాది సాగులో వాటా.

ఈ 'వాటా' అన్న మాట మొదటి సమావేశంలోనే అందరికీ విడమరచి చెప్పు. నేను చెప్పలేదు, దెబ్బ తిన్నాను. రెండో ఏడు పూత మీద వడగళ్లు పడ్డాయి. మూడు వారాలు బుట్టలో ఆకుకూరలు తప్ప ఏమీ లేవు. "డబ్బు కట్టింది దీనికా?" అని ఒక్కొక్కరే తప్పుకున్నారు, ఇరవై ఇళ్లు తొమ్మిదయ్యాయి. రైతు నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధపెట్టింది. తప్పు వెళ్లిపోయినవాళ్లది కూడా కాదు. పంట పోతే బుట్ట చిక్కిపోతుందని వాళ్లకు ఎవరు చెప్పారు గనక? మూడో ఏడు ఆ సంగతి కాగితం మీద రాసి సంతకాలు తీసుకున్నాను.

బేరాలాడొద్దు. వంకర కాయలు వెనక్కి పంపొద్దు. "రేపు మేం ఊళ్లో ఉండం" అని రాత్రి పదింటికి ఫోన్ చేసేవాళ్లుంటారు, అప్పటికే కోత అయిపోయి ఉంటుంది. ఆ బుట్టను పక్కింటికి ఇచ్చుకోవాలే తప్ప రైతు మీదికి నెట్టకూడదు. రైతు చేత ఇల్లిల్లూ తిప్పించకండి. ఒకచోట దించితే చాలు, పంచే పని వంతులవారీగా మీరే చేసుకోండి.

"చిన్న కమతాలతో ప్రపంచం కడుపు నిండుతుందా?" అని ఎవరో ఒకరు అంటారు. రెండు హెక్టార్లలోపు కమతాలు ప్రపంచ సాగుభూమిలో దాదాపు 12 శాతమే అయినా ఆహారంలో దాదాపు 35 శాతం అక్కడినుంచే వస్తోందని 2021లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క. డెబ్బై శాతం అని ఊదరగొట్టేవాళ్లూ ఉన్నారు, మనకు ఆ గొప్పలు అక్కర్లేదు.

అలాగే, దగ్గర పంట తింటే భూగోళాన్ని కాపాడినట్టేనని చాటుకోవద్దు. అమెరికన్ల ఆహారం వల్ల వెలువడే, భూమిని వేడెక్కించే వాయువుల్లో రవాణా వాటా 11 శాతం దగ్గరే ఉందని 2008లో ఇద్దరు పరిశోధకులు తేల్చారు, తక్కినదంతా చాలామటుకు పండించడంలోనే. ఒక్క బుట్ట కోసం కారేసుకుని వెళ్తే ఆ కాస్త లాభమూ గాలికే. మీరు ఈ పని చేస్తున్నది రైతు నిలబడటానికి, అదొక్కటీ చాలదా?

విత్తనం పడకముందే పొలానికి వెళ్లు, ఒక్కదానివే కాదు, మరో ఇద్దరిని వెంటబెట్టుకుని. ఏ వారం ఎన్ని ఇళ్లకు ఎంత కావాలో రాసుకుని వెళ్లు, అది చూసే రైతు మళ్లు పంచుకుంటాడు. నా పాత లెక్కల పుస్తకం పంపిస్తున్నాను. వడగళ్ల ఏడాది పేజీలకు చీటీ పెట్టాను, అవి ముందు చూడు.

దీవెనలతో,
మీ పెదనాన్న