మచ్చలు పోయాయి, జబ్బు పోలేదు

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. ఇంట్లో 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంక్ ఉంది. అందులో రెండు క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య, కొంత లైవ్ రాక్ (సముద్రపు సూక్ష్మజీవులు పట్టిన రాళ్ళు) ఉన్నాయి. పోయిన నెల మా బాబు పుట్టినరోజుకని బ్లూ టాంగ్ అనే నీలం చేపని తెచ్చాం. నాలుగో రోజుకల్లా దాని ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల మచ్చలు. షాపతను చెప్పినట్టే 40 లీటర్ల విడి ట్యాంక్‌లోకి మార్చి కాపర్ మందు వేశాను. బోసిగా ఉందని అడుగున కాస్త ఇసుక పోసి, దాక్కోవడానికి ఒక రాయి పెట్టాను. మూడో రోజుకి మచ్చలన్నీ పోయాయి. హమ్మయ్య అనుకునేలోపే ఎనిమిదో రోజు అంతకు రెట్టింపు వచ్చాయి. ఇంకో డోసు వేశాను. ఇప్పుడు తిండి ముట్టడం లేదు, మూల చేరి గబగబా ఊపిరి తీస్తోంది. క్లౌన్ చేపలకు ఏమీ లేదు కాబట్టి వాటిని పెద్ద ట్యాంక్‌లోనే ఉంచాను. మందు ఇంకా పెంచాలా? ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివిన రోజే ఫోన్ చేసి మందు జోలికి పోవద్దని చెప్పాను. ఇదే అవస్థలో ఉన్నవాళ్ళు ఇంకా చాలామంది రాస్తుంటారు కనుక మనం మాట్లాడుకున్నది ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

ముందు ఆ మచ్చ సంగతి. దాన్ని పుట్టించే పరాన్నజీవి పేరు క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్. చేపలవాళ్ళు మెరైన్ ఇక్ అంటారు. ఇది చేప చర్మం పైన కూర్చోదు, లోపలికి దూరి పొర కప్పుకుంటుంది. మూడు నుంచి ఏడు రోజులు అక్కడే తిని బలుస్తుంది, తర్వాత రాలిపోతుంది. రాలింది అడుగున ఎక్కడో అంటుకుని తిత్తి కట్టుకుంటుంది. తిత్తిలో వందల కొద్దీ పిల్లలు తయారవుతాయి. అవి బయటికొచ్చి ఈదుతూ, ఒకటి రెండు రోజుల్లో ఏదో ఒక చేపని పట్టుకోలేకపోతే చస్తాయి. కాపర్ చంపేది ఈ ఈదే పిల్లల్ని మాత్రమే. చర్మంలో ఉన్నదాన్నీ ఏం చేయలేదు, తిత్తిలో ఉన్నదాన్నీ ఏం చేయలేదు. వరిలో కాండం తొలుచు పురుగు కాండంలోకి దూరాక పైన మందు కొడితే ఏం లాభం? ఇదీ అంతే.

కాబట్టి మూడో రోజు మచ్చలు పోయింది మందు వల్ల కాదు. అవి పండి రాలాయి, అంతే. ఎనిమిదో రోజు వచ్చినవి వాటి పిల్లలు. అవి ఈదుతున్నప్పుడే చావాలి, చావలేదంటే నీళ్ళలో మందు చాల్లేదన్నమాట. మీరు కొలిచే వేశారు, మరి ఎటు పోయింది? మీ ఇసుక, ఆ రాయి తాగేశాయి. రెండూ సున్నపు సరుకే, కాపర్‌ని పట్టేసుకుంటాయి. పట్టుకోవడం ఆగాక మీరు వేసిన రెండో డోసు మొత్తం నీళ్ళలోనే నిలబడింది. అందుకే ఫోన్‌లో టెస్ట్ చేయించినప్పుడు 0.45 చూపించింది. మీరు వాడే రకం మందుకి లీటరు నీటిలో 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. అంతకు తగ్గితే జబ్బు బతుకుతుంది, బాగా ఎక్కితే చేప చస్తుంది. టాంగ్‌లు కాపర్‌కి మరీ సున్నితం. (కీలేటెడ్ అని రాసి ఉండే కాపర్ మందులు వేరు. వాటి అంకె పదింతల దాకా ఉంటుంది, సీసా మీద ఉన్నదే చూడాలి. ఒకదాని లెక్క ఇంకోదానికి పెట్టి చేపల్ని చంపుకున్నవాళ్ళు నాకు తెలుసు.)

అయితే మీ చేప గబగబా ఊపిరి తీయడానికి కాపర్ ఒక్కటే కారణం కాదు. అమ్మోనియా టెస్ట్ చేయమంటే ‘జబ్బుకీ దానికీ ఏం సంబంధం మాస్టారూ’ అన్నారు. చేస్తే 1 వచ్చింది. సున్నా ఉండాలి. కొత్త ట్యాంక్‌లో మలినాన్ని అరిగించే బ్యాక్టీరియా ఉండదు. చేప తన మూత్రంలోనే తను ఈదుతూ ఉంటుంది. మొప్పల్లో అప్పటికే పరాన్నజీవులు, పైన అమ్మోనియా మంట, ఆపైన కాపర్. నా అనుభవంలో క్వారంటైన్‌లో పోయిన చేపల్లో సగానికి సగం జబ్బుతో పోలేదు, ఈ నీళ్ళతో పోయాయి. ఇరవయ్యేళ్ళ కింద నా మొదటి టాంగ్ అలాగే పోయింది. టెస్ట్ కిట్ లేదు, చేతి లెక్కతో చుక్కలు వేశాను, అయిదో రోజు పొద్దున్న పక్కకు ఒరిగి ఉంది. ‘జబ్బు ముదిరింది’ అని నేనంటే, మా ఆవిడ ‘జబ్బు కాదండీ, వైద్యం ముదిరింది’ అంది. జువాలజీ పాఠాలు చెప్పుకునేవాణ్ణి, ఆ మాటకి జవాబు దొరకలేదు.

మీ చేత ఆ రాత్రి చేయించినవి ఇవి. రాయి, ఇసుక తీసేశాం. ఉప్పు, వేడి సరిచూసిన కొత్త నీళ్ళతో సగం మార్చాం, అందులో కాపర్ కలపలేదు. 0.22కి దిగింది. మర్నాడు పావు వంతు మారిస్తే 0.17 దగ్గర నిలబడింది. అప్పటి నుంచి రోజూ మార్చే నీళ్ళలో ముందే అంతే కాపర్ కలుపుతున్నారు. పెద్ద ట్యాంక్ ఫిల్టర్‌లో ఉన్న పాత స్పాంజ్ ముక్క తెచ్చి ఎయిర్ పంప్‌కి బిగించారు, దాంట్లో బ్యాక్టీరియా ఉంటుంది. పరాన్నజీవి తిత్తులు కూడా ఉండొచ్చు, కానీ ఈ ట్యాంక్‌లో మందు ఉంది కనుక ఫరవాలేదు. ఆ స్పాంజ్ మాత్రం మళ్ళీ పెద్ద ట్యాంక్‌లోకి పోకూడదు. అమ్మోనియాని విరిచే సీసా మందులు కాపర్ ఉన్న నీళ్ళలో వేయకండి, ఆ రెండూ కలిస్తే కాపర్ ఇంకా విషమవుతుంది. దాక్కోవడానికి ప్లంబింగ్ షాపులో దొరికే పీవీసీ ఎల్బోలు చాలు. అందం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

తిండికి నోరి పెట్టమన్నాను. సుషీకి వాడే సముద్రపు నాచు రేకు అది, ఉప్పూ మసాలా వేయనిది తీసుకోవాలి. క్లిప్పుతో గాజుకి తగిలిస్తే టాంగ్‌లు పొడుచుకు తింటాయి. వెల్లుల్లి రసం ఆకలి పుట్టిస్తుందేమో గానీ జబ్బు తగ్గించదు. మనవాళ్ళకి వెల్లుల్లి మీద నమ్మకం ఎక్కువ, అందుకని చెప్తున్నా.

ఇక మీకు నచ్చని మాట. క్లౌన్ చేపలు కూడా బయటికి రావాలి. ఒంటి మీద మచ్చ లేకపోయినా మొప్పల్లో ఉండొచ్చు. అవి పెద్ద ట్యాంక్‌లో ఉన్నంత కాలం అక్కడ జబ్బుకి భోజనం దొరుకుతున్నట్టే. వాటికి ఇంకో తొట్టి పెట్టి ఇదే వైద్యం చేయండి. పెద్ద ట్యాంక్‌లో కాపర్ ఒక్క చుక్క వేయొద్దు, రొయ్య ఆ రోజే పోతుంది, రాళ్ళు కాపర్ తాగి కూర్చుంటాయి. చేపలు లేకుండా దాన్ని 76 రోజులు ఖాళీగా వదలండి. ఎందుకన్ని రోజులంటే, కొన్ని తిత్తులు 72 రోజులకి కూడా విచ్చుకున్నట్టు నమోదైంది. రొయ్యకి మాత్రం కొద్దిగా మేత వేస్తూ ఉండండి. వలలు, మగ్గులు రెండింటికీ విడివిడిగా ఉంచుకోండి. తడి చెయ్యి కూడా జబ్బుని మోస్తుంది.

టాంగ్‌కి మందు రోజుల లెక్క కాపర్ స్థిరపడిన రోజు నుంచి మొదలు. 21 రోజులు చాలంటారు, నేను 30 ఉంచుతాను. మధ్యలో మచ్చలు పోతాయి, అయినా ఆపకండి. రోజూ కొలిచి గోడ మీద క్యాలెండర్‌లో అంకె రాసుకోండి. ఆ పని మీ బాబుకి అప్పగించండి, బాగా చేస్తాడు.

ఇంకో సంగతి, కోపం తెచ్చుకోకండి. బ్లూ టాంగ్ 30 సెంటీమీటర్ల దాకా పెరిగే చేప. 200 లీటర్లు దానికి చాలదు. షాపుల్లో దొరికేవి దాదాపు అన్నీ సముద్రంలో పట్టినవే. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో గానీ దాన్ని ట్యాంక్‌లో గుడ్డు నుంచి పెంచలేకపోయారు. అంతదూరం ప్రయాణం చేసి, ఇరుకులో పడి, బెదిరిన చేపకి ఈ జబ్బు రాకపోతే ఆశ్చర్యపోవాలి. కోలుకున్నాక పెద్ద ట్యాంక్ ఉన్నవాళ్ళెవరికైనా ఇవ్వడం గురించి ఇంట్లో మాట్లాడుకోండి. మొన్న మీరు చెప్పినదాన్ని బట్టి నోరి రేకు సగం తిన్నదట, మూల వదిలి ఎల్బోలోకి దూరుతోందట. సంతోషం.

ప్రశ్న: సార్, మాది కోనసీమ. కొబ్బరి తోటకి వాడే మైలుతుత్తం ఇంట్లో చాలా ఉంది. అదీ కాపరే కదా, చేపల మందు కొనకుండా దాన్నే వేయొచ్చా?

జవాబు: బాబూ, అదీ కాపరే. కానీ లెక్క చూడు. మైలుతుత్తంలో నాలుగో వంతు రాగి ఉంటుంది. 40 లీటర్లకి 0.15 రావాలంటే 24 మిల్లీగ్రాములు కావాలి. అది చిటికెలో చిటికె, వంటింటి తూకంలో కనపడదు. ఒక్క చిటికె వేస్తే చేప ఆ పూటే పోతుంది. తోటకి అమ్మే సరుకులో ఇంకేమేం కలిసి ఉంటాయో కూడా తెలియదు. తోటకే వాడు.

ప్రశ్న: మందు లేకుండా ఉప్పు తగ్గించి ఈ తెల్లమచ్చ పోగొట్టవచ్చని విన్నాను. నిజమేనా? – విశాఖపట్నం పాఠకుడు

జవాబు: నిజమే, నేనూ చేశాను. ఉప్పునీటి సాంద్రతని 1.025 నుంచి 1.009కి దించి నాలుగు వారాలు ఉంచాలి. 1.011 దగ్గర ఆగిపోయి ‘పని చేయలేదు’ అనేవాళ్ళే ఎక్కువ. సాంద్రత కొలవడానికి ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ నమ్మొద్దు, రిఫ్రాక్టోమీటర్ కొనండి, దాన్నీ ముందు సరిచేసుకోండి. రొయ్యలూ పగడాలూ ఉన్న ట్యాంక్‌లో ఈ పని చేయకూడదు. అసలు వచ్చింది తెల్లమచ్చేనా అన్నది కూడా తేల్చుకోవాలి. మచ్చలు లెక్కపెట్టగలిగేలా ఉప్పు రవ్వల్లా ఉంటే ఇదే. టార్చి పక్కనుంచి కొడితే ఒళ్ళంతా సన్నటి పసుపు పొడి అద్దినట్టు కనిపిస్తే అది వెల్వెట్ అనే వేరే జబ్బు. దానికి ఉప్పు తగ్గించడం పని చేయదు, రెండు మూడు రోజుల్లో ప్రాణం తీస్తుంది, వెంటనే కాపరే వేయాలి. తెల్లమచ్చే అయితే ఉప్పు రెండు రోజుల్లో దించేయొచ్చు, చేప తట్టుకుంటుంది. నాలుగు వారాలయ్యాక తిరిగి ఎక్కించేటప్పుడు మాత్రం తొందరపడకండి, వారం పట్టించండి.