గడ్డకట్టిన ఉప్పు, బిల్లు లేని కోరల్

ప్రశ్న: మాది పాలకొల్లు. మా అబ్బాయి ముచ్చట పడ్డాడని ఇంట్లో నాలుగడుగుల ఉప్పునీటి అక్వేరియం పెట్టాం. సామానంతా భీమవరంలోని ఒక షాపులో కొన్నాం. 4,800 రూపాయలు పోసి కొన్న మెరైన్ సాల్ట్ (ట్యాంకుకి సముద్రపు నీళ్లలాంటివి కలిపే ఉప్పు) బస్తా ఇంటికొచ్చి విప్పితే లోపలంతా చెమ్మ పట్టి గడ్డకట్టి ఉంది. నలగ్గొట్టి కలిపినా సగం కరగలేదు, నీళ్లు సున్నపు తేటలా తెల్లబడ్డాయి. అందులో వదిలిన క్లౌన్ ఫిష్ జంట మూడో రోజుకి చచ్చిపోయింది. అడిగితే షాపతను ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అనే బోర్డు చూపిస్తున్నాడు. బిల్లు ఇవ్వలేదు, డబ్బు ఫోన్‌పేలో కట్టాం. ఇవి కాక లైవ్ రాక్‌కి, రెండు కోరల్ (పగడపు) ముక్కలకి 6,000 అడ్వాన్సు ఇచ్చాం. వచ్చే వారం తూత్తుకుడి నుంచి దిగుతాయట. అవి కొంటే కేసవుతుందని మా బావమరిది అంటున్నాడు. నిజమేనా? పేరుపాలెం బీచ్ నుంచి ఇసుక, నీళ్లు తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: మీరు ఉప్పు సంగతి ముందు అడిగారు గానీ నేను కోరల్ సంగతి ముందు చెబుతాను. ఉప్పు డబ్బు ఆర్నెల్లు ఆలస్యమైనా రాబట్టుకోవచ్చు. వచ్చే వారం దిగే సరుకు ఒకసారి మీ గుమ్మం దాటి లోపలికొచ్చిందంటే మాత్రం నా సలహాకి పెద్దగా పని ఉండదు.

మీ బావమరిది చెప్పింది నిజం. పగడపు దిబ్బలు కట్టే గట్టి కోరల్ జాతులన్నీ 2001 నుంచీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి పేరు ఉన్నదీ ఆ షెడ్యూలులోనే. నల్ల పగడం, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్ కూడా అందులోవే. నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయలకు తగ్గకుండా జరిమానా. అమ్మినవాడికే కాదు, కొని ఇంట్లో పెట్టుకున్నవాడికీ ఇదే శిక్ష. ‘నాకు తెలియదండీ’ అన్నా ఒడ్డున పడటం కష్టం. ఎందుకంటే సరుకు మీ దగ్గర దొరికిందని తేలితే, అది సక్రమంగా వచ్చిందని రుజువు చేసుకోవాల్సిన భారాన్ని ఈ చట్టంలోని 57వ సెక్షన్ మీ మీదే పెడుతుంది. మీ దగ్గర చూస్తే చేతిబిల్లు కూడా లేదు.

‘లైవ్ రాక్ అంటే రాయే కదా’ అని షాపతను అనొచ్చు. పేరులో రాయి ఉందిగానీ సముద్రం నుంచి తీసిన లైవ్ రాక్ చాలావరకు చచ్చిన కోరల్ అస్థిపంజరమే. దానిమీద బ్యాక్టీరియా, నాచు పట్టి ఉంటాయి. చట్టానికి ఆ జీవి ఎంతో, దాని శరీర భాగమూ అంతే. తూత్తుకుడి అన్నారు కాబట్టి ఇంకా జాగ్రత్త. ఆ ఒడ్డునే మన్నార్ సింధుశాఖ సముద్ర జాతీయ ఉద్యానం ఉంది. ‘ఇవి మనవి కాదండీ, ఇండోనేషియా నుంచి వచ్చినవి’ అంటే దిగుమతి పర్మిట్లు చూపించమనండి. నోటిమాట నడవదు. మెత్తని కోరల్ రకాల్లో కొన్ని ఈ జాబితాలో లేని మాట వాస్తవమే. కానీ ఏ ముక్క ఏ జాతిదో తేల్చేది అటవీ శాఖవాళ్లు, షాపు కౌంటరు కాదు. సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు కూడా రక్షిత జాబితాల్లో ఉన్నాయి. అబ్బాయి మోజు పడి అవి అడిగితే ముందే మాన్పించండి.

అందుకని ఈ రోజే షాపతనికి వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి: ‘కోరల్, లైవ్ రాక్ కొనడం చట్టవిరుద్ధమని ఇప్పుడే తెలిసింది. ఆర్డరు రద్దు చేస్తున్నాను. నా 6,000 తిరిగివ్వండి.’ పాత మెసేజ్‌లు ఏవీ చెరపకండి. చట్టవిరుద్ధమైన బేరాన్ని ఏ కోర్టూ అమలు చేయించదు. ఆ సంగతి తెలియక డబ్బిచ్చినవాడు మాత్రం కాంట్రాక్టు చట్టం 65వ సెక్షన్ కింద తిరిగి అడగొచ్చు. సరుకు ముట్టక ముందే వెనక్కి తగ్గారన్నది మీకు కలిసొచ్చే అంశం. ఆ డబ్బుకి సిరామిక్ రాక్ (తయారుచేసిన రాయి) ఇస్తానంటే బిల్లుతో తీసుకోండి, గొడవ అక్కడితో వదిలిపోతుంది.

ఇక ఉప్పు. ఇక్కడ మీ చెయ్యే పైన ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే ఒక అనుచిత వ్యాపార విధానం. బిల్లులో గడువు రాసి లేనప్పుడు 30 రోజుల్లోపు లోపమున్న సరుకు తెచ్చిస్తే వాపసు తీసుకోకపోవడం ఇంకొకటి. గోడ మీది బోర్డు చట్టాన్ని కొట్టెయ్యలేదు. కాబట్టి ఆ 30 రోజులు దాటకముందే బస్తా వాపసు తీసుకోమని రాతపూర్వకంగా అడగండి. కొన్నట్టు రుజువుకి ఫోన్‌పే రికార్డు, చాటింగ్ సరిపోతాయి. వాటిని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద, ఆ ఎలక్ట్రానిక్ రికార్డు అసలుదేనని చెప్పే సర్టిఫికెట్ జతచేయాలి. మిగిలిన ఉప్పు పారబోయొద్దు. బస్తా మూతి కట్టి, బ్యాచ్ నంబరు కనపడేలా ఫొటో తీసి పొడి చోట పెట్టండి. అవసరమైతే వినియోగదారుల కమిషన్ దాన్ని ల్యాబుకు పంపిస్తుంది.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. చిన్న షాపులు చాలాసార్లు అక్కడే దిగొస్తాయి. దిగిరాకపోతే స్పీడ్ పోస్టులో నోటీసు, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. ఈపాటి కేసుకి లాయరు కూడా అక్కర్లేదు, మీరే వాదించుకోవచ్చు. (ఈ మాట రాశానని మా బార్ అసోసియేషన్‌లో చెప్పకండి.)

చేపల నష్టం మాత్రం గట్టిగా నిలబడకపోవచ్చు. అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్న: నీళ్లు నింపిన ఎన్నో రోజున చేపలు వదిలారు? కొత్త ట్యాంకులో, చేపల వ్యర్థాల నుంచి పుట్టి వాటినే చంపే అమ్మోనియాని తినే బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. నీళ్లు పెట్టిన రోజే చెరువులో సీడ్ వదిలే రైతు మన దగ్గర ఎవరైనా ఉన్నాడా? ట్యాంకుకీ అదే లెక్క. ‘ఇవాళే వదిలేయండి, ఏం కాదు’ అని షాపతనే చెప్పి ఉంటే, అది మెసేజ్‌లో ఉంటే, అప్పుడు చేపల ఖరీదు కూడా కలిపి అడగండి. లేదంటే ఉప్పు డబ్బు, ఖర్చుల వరకే అడగండి. ఎక్కువ అడిగి ఉన్నది చెడగొట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

పేరుపాలెం ఇసుక వద్దు. సముద్ర తీరంలో ఇసుక తవ్వకం తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం నిషేధం. గోనెసంచెడేగా అనిపిస్తుంది గానీ ఎక్కడా లేని తలనొప్పి తెచ్చుకోవడం దేనికి? షాపుల్లో అరగొనైట్ ఇసుక ప్యాకెట్లు అమ్ముతారు, అవి కొనండి. ఇంటి ట్యాంకుకి నాలుగు క్యాన్లు సముద్రపు నీళ్లు తెచ్చుకోవడాన్ని ఆపే చట్టం ఏదీ నా దృష్టిలో లేదు. అడ్డొచ్చేది గోదావరే. పక్కన అంతర్వేది దగ్గర దాని పాయ వశిష్ట సముద్రంలో కలుస్తుంది కదా, వరదల రోజుల్లో ఒడ్డు నీళ్లలో ఉప్పదనం పడిపోతుంది. మీకు కావాల్సింది 35 పీపీటీ, అంటే వెయ్యి భాగాల నీళ్లలో 35 భాగాల ఉప్పు. తెలిసిన రొయ్యల రైతు దగ్గర ఉప్పదనం కొలిచే సెలినిటీ మీటరు అడిగి పట్టుకెళ్లి, అక్కడే ఒక చుక్క వేసి చూశాక క్యాన్లు నింపండి.